యెలోవిన జనాభా

మైకు మళ్ళీ ఆయన చేతికి చిక్కింది.

కీబోర్డు వైరు సరిచేస్తున్న జోసఫ్ తలెత్తి చూసి పళ్ళు నూరాడు.

"పంతొమ్మిది వందల పదిలో మా యెలోవినలో నాలుగు వందల పదహారు మంది!" స్టెపాన్ ముక్కలుముక్కలుగా ఇంగ్లీషులో మొదలుపెట్టేశాడు. "యుద్ధం అయ్యేసరికి నూట తొంభై..."

"అంకుల్, మైక్ ఇలా ఇవ్వండి. లైవ్ వెళ్తోంది."

బాపట్ల నుంచి చూస్తున్న చుట్టాలెవరో అప్పటికే కామెంట్ పెట్టారు: 'ఈ తాత ఎవరు?'

యెలోవిన క్రొయేషియాలో ఓ కొండపల్లె. అక్కణ్ణించి ఫ్యాక్టరీ పనులకి అమెరికాలో ఈ అరోరా ఊరికి వచ్చినవాళ్ళు ఎప్పుడో వందేళ్ళ కిందట కట్టుకున్న హాలు అది. మూడేళ్ళుగా ఆదివారం మధ్యాహ్నాలు అందులో తెలుగు ఆరాధన జరుగుతోంది. సంఘానికి సెక్రటరీ జోసఫ్. హాలు చూసుకునే ఆ ఊరివాళ్ళ సొసైటీ తరఫు లాయరమ్మ తాళాలిస్తూ, "మా మనిషి ఒకాయన వస్తుంటారు" అని మాత్రం అంది. ఆ వచ్చే మనిషి ఇలాంటివాడని చెప్పలేదు.

విమలకుమారి ఆంటీ పల్లవి ఎత్తుకుంటే ముందు వరసలో ఈయన గుర్రు. ప్రసంగం మధ్యలో లేచి హీటర్ తిప్పుతాడు. భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని కనిపించినవాళ్ళనల్లా "మీ ఊళ్ళో ఎంతమంది?" అని అడుగుతాడు. జవాబు వినడు. చలికాలం నాలుగు నెలలు దారి మూసుకుపోవడం, యుద్ధంలో ఇళ్ళు కాలిపోవడం, పడుచువాళ్ళు సముద్రం వైపు దిగిపోవడం, ఇద్దరే పిల్లలు మిగిలారని బడి ఎత్తేయడం... ప్రతి వారం అదే చరిత్ర.

"పోన్లెండి, పెద్దాయన కదా," అంది భార్య క్రిస్టీ.

"నీకేం, ఎన్నైనా చెప్తావ్. కొత్తగా వచ్చినవాళ్ళు నన్నడుగుతున్నారు, ఈయన మన పాస్టరా అని!"

ఆ వారమంతా ఆఫీసులో ఎవరి ఉద్యోగం ఊడుతుందోనన్న గొడవ. ఆదివారం రెండు గంటలైనా ప్రశాంతంగా ఉందామంటే ఇదీ వరస.

ఆరాధన అయ్యాక జోసఫ్ ఆయన్ని పక్కకి పిలిచాడు.

"అంకుల్, వచ్చే వారం నుంచి మా వర్షిప్ టైమ్‌లో రావద్దు. ప్లీజ్."

స్టెపాన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమిటీ?"

"రావద్దు!"

గొంతు పెరిగింది. నలుగురూ తిరిగి చూశారు.

"నేను ఉండాలి," అన్నాడు ముసలాయన.

"అక్కర్లేదు. తాళాలు నా దగ్గరున్నాయి."

"నేను లేకపోతే ఇది..."

"మేం చూసుకుంటాం!"

స్టెపాన్ కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గరున్న సొసైటీ రిజిస్టర్‌లో ఎప్పట్లాగే సంతకం చేసి మంచులోకి దిగాడు. కార్లో దింపుతానని క్రిస్టీ వెంట వెళ్తే చేత్తోనే వద్దన్నాడు.

తర్వాతి మూడు ఆదివారాలు గడియారం కొట్టినట్టు నడిచాయి.

నాలుగో ఆదివారం తలుపుకి కొత్త తాళం.

అరవై మంది జనం, చంకల్లో పిల్లలు, చేతుల్లో పులావ్ గిన్నెలు. బయట ఎముకలు కొరికే చలి.

జోసఫ్ లాయరమ్మకి ఫోన్ చేశాడు. "ఇదేం పద్ధతి మేడమ్? ఒక్క మాటైనా చెప్పకుండా!"

"శుక్రవారమే ఉత్తరం పంపాను. రిజిస్టర్‌లో చూశాను, మూడు వారాలు ఆయన రాలేదు కదా?"

"ఎవరు?"

"స్టెపాన్. హాలు తెరిచినప్పుడల్లా యెలోవినలో పుట్టినవాళ్ళు ఒక్కరైనా లోపల ఉండాలి. వరసగా మూడు ఆదివారాలు లేకపోతే సొసైటీ రద్దయి హాలు అమ్మకానికి పోతుంది. కట్టినవాళ్ళు రాసిపెట్టిన రూలు."

"అయితే ఆ ఊరివాళ్ళని ఇంకొకర్ని..."

"ఇంకెవరున్నారు? ఊరు ఖాళీ అయిపోయింది. ఇక్కడా ఆయనొక్కరే మిగిలారు."

"ఇల్లెక్కడో చెప్పండి. నేనే వెళ్ళి సారీ చెప్పి తీసుకొస్తా."

"కూతురొచ్చి ఎక్కడో దూరాన తనుండే చాండ్లర్‌కి తీసుకెళ్ళిపోయింది. తెచ్చినా లాభం లేదు. గడువు దాటిపోయింది."

జోసఫ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ రూలు మీద, ఆమె మీద, అన్నిటికన్నా ఆ ముసలాయన మీద.

"ఊరే లేనప్పుడు ఆ ఊరి హాలు పట్టుకుని ఇన్నాళ్ళూ వేలాడ్డం దేనికి? మాకు ముందే చెప్తే వేరే చోటు చూసుకునేవాళ్ళం కదా!"



"తనవాళ్ళంతా పోయాక ఆయన హాలు మూసేద్దామనే అనుకున్నారు," అంది ఆమె నెమ్మదిగా. "అప్పుడే మీరు చోటు కావాలని వచ్చారు. ఆ రోజు నుంచీ, కూతురు ఎంత బతిమాలినా వెళ్ళకుండా, రెండు బస్సులు మారి వచ్చి ఆయన అక్కడ కూర్చున్నది మీ కోసమే."