అయిదుగురూ రాశారు

‘ఇందులో వంటవాడు పాట పాడుతూ ప్రాణం వదిలాడట. ఆయనకి పాట రాదు.’

చీటీలో అంతే ఉంది. లైబ్రేరియన్ దాన్ని చదివి, ఎదురుగా నిలబడ్డ ఆమెకేసి చూశాడు.

“పాట రాదని మీకెలా తెలుసమ్మా?”

“మా ఆయన కదా సార్.”

లైబ్రేరియన్ చీటీని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. ఇన్నాళ్ళూ ఆమె చీటీలు చదివి పగలబడి నవ్వినవాడు మరి.

పుస్తకం తిరిగిచ్చేవాళ్ళు దాని గురించి నాలుగు ముక్కలు చీటీ మీద రాసి గుమ్మం పక్కన బోర్డుకు గుచ్చాలని రూలు పెట్టింది ఆయనే. చాలామంది ‘బాగుంది’ అని రాసి చేతులు దులుపుకుంటారు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఈమె అలా కాదు. ఆత్మకథలు, యాత్రలు, చరిత్ర తప్ప ఇంకోటి ముట్టుకోదు. ముట్టుకుందా, రచయిత పని అయిపోయినట్టే. ఓ నావికుడి యాత్ర మీద ‘సముద్రం తక్కువ, తను ఎక్కువ’ అని రాసింది. ఓ రాజుగారి చరిత్రకు ‘యుద్ధాలన్నీ ఉన్నాయి, చచ్చినవాళ్ళే లేరు’ అని గుచ్చింది. పుస్తకాల కోసం కాకుండా ఆ చీటీల కోసమే వచ్చేవాళ్ళు కూడా తయారయ్యారు.

ఈ మధ్య ఆమె ఒక్క కొండనే పట్టుకుంది. ఆరుగురు ఎక్కబోయి, మంచుతుఫానులో చిక్కుకుని, అయిదుగురే తిరిగొచ్చిన కొండ అది. రానివాడు వంటవాడు. తిరిగొచ్చినవాళ్ళు ఊరుకుంటారా? ఒకరి తర్వాత ఒకరు పుస్తకాలు రాశారు. వంటవాడు నిద్రలోనే పోయాడని డాక్టరు రాశాడు. మంచు పగులులో పడ్డాడని ఫొటోగ్రాఫర్ రాశాడు. మీరు వెళ్ళండని దండం పెట్టి కళ్ళు మూశాడని ఇంకొకాయన. ఇదిగో, ఈ నాలుగో ఆయన ఏకంగా పాటే పాడించాడు. ఆమె ఒక్కో పుస్తకాన్నీ చీటీలో ఉతికి ఆరేసింది. మధ్యలో ఎవరో రాసిన ఆ లోయ చరిత్ర ఒక్కదాన్నే మెచ్చుకుంది. కొండ కింద చలికాలమంతా గుడిసెల్లో ఉండే గొర్రెలకాపరులు ఎంత మంచివాళ్ళో, మంచులో చిక్కినవాళ్ళని ఎలా మోసుకొచ్చి బతికిస్తారో అందులో ఉన్నది ఉన్నట్టు రాశారట.

ఇదంతా ఇప్పుడు గుర్తొచ్చి లైబ్రేరియన్‌కు తల కొట్టేసినట్టయింది. ఆమె ఎప్పుడూ ఒంటరిగానే వస్తుంది, చీకటి పడకముందే హడావిడిగా వెళ్ళిపోతుంది. కుర్చీ చూపించి, వాళ్ళ పుస్తకాల్లో ఏం వెతుకుతున్నారని మెల్లగా అడిగాడు.

“ఒక్క వాక్యం సార్. వదిలేసి వచ్చేటప్పటికి ఆయనకి ఊపిరుందని. అయిదుగురిలో ఒక్కరు రాసినా చాలు, మా ఆయన మనసు కుదుటపడుతుంది.”

పోయినవాళ్ళ గురించి మనుషులు అలాగే మాట్లాడతారు, పాపం, అనుకున్నాడాయన.

“ఊపిరుందని ఎలా అనుకుంటున్నారమ్మా?”

“వెళ్ళేటప్పుడు గుడారం తలుపు బయటనుంచి తాడేసి కట్టి వెళ్ళారు. గాలికి తెరుచుకోకుండా. చచ్చిపోయినవాడికి అంత జాగ్రత్త ఎందుకు సార్?”

“అది ఏ పుస్తకంలో ఉంది?”

“ఏ పుస్తకంలోనూ లేదు.”

దుఃఖం మనిషి చేత లేనివన్నీ ఊహింపజేస్తుందని ఆయన సరిపెట్టుకున్నాడు. అయినా మనసాగక, ఈ సంగతి పేపరుకు రాయకూడదా, నలుగురిలో పెట్టి నిలదీయకూడదా అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

“గదమాయించి చెప్పిస్తే ఏం లాభం సార్. వాళ్ళంతట వాళ్ళే చెప్పాలి.”

ఇక మిగిలింది ఆ జట్టు లీడరు ఒక్కడే. ఆయన పుస్తకం ప్రెస్సులో ఉందని అప్పటికే అందరికీ తెలుసు. ఆ నలుగురూ ఎలాగైనా పోనీ, లీడరు మాత్రం అబద్ధం రాయడని ఆమె గట్టిగా నమ్మింది. వంటవాడికి ఆయనంటే దేవుడట. జ్వరమొస్తే పక్కన కూర్చుని జావ తాగించిన మనిషట.

పుస్తకం వచ్చిన రోజున లైబ్రేరియన్ దాన్ని ఎవరి కంటా పడకుండా సొరుగులో దాచి, ఆమె రాగానే చేతికిచ్చాడు. మొదటి పేజీ తిప్పగానే ఆమె మొహం వెలిగింది. పుస్తకం వంటవాడికే అంకితం. కుర్చీ కూడా లాక్కోకుండా బీరువా పక్కన నిలబడే చదవడం మొదలుపెట్టింది. లైబ్రేరియన్ చేస్తున్న పని వదిలేసి ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. ఆయన లేచి వెళ్ళి ఆమె భుజం మీదుగా చదివాడు.

‘అతని గుండె మీద చెవి పెట్టాను. ఏమీ వినపడలేదు. నా చేత్తోనే కళ్ళు మూశాను.’

ఆమె పుస్తకం మూసింది. అలవాటు ప్రకారం చీటీ తీసుకుని, ‘మంచు గురించి బాగా రాశారు. అచ్చుతప్పులు లేవు’ అని రాసి బోర్డుకు గుచ్చింది. ఆ చీటీ చూసి లైబ్రేరియన్‌కు ఏడుపొచ్చింది.

“ఇక మరిచిపోండమ్మా. ఎన్నాళ్ళని ఇలా మీలో మీరు కుమిలిపోతారు?”

పుస్తకం ఒక్క రోజు ఇంటికి తీసుకెళ్తానంది ఆమె. చదవడం అయిపోయింది కదా, మళ్ళీ ఎందుకని ఆయన అడిగితే పుస్తకాన్ని ముద్ర కోసం ముందుకు జరిపింది. ఆయన ముద్ర వేసి ఇచ్చేశాడు.

దారిలో ఎవరు పలకరించినా ఆమెకు వినపడలేదు. కింది వాటాలో ఉండే ఇంటావిడ, ఒంట్లో బాగాలేదా, ఒక్కదానివే ఎందుకు, ఈ పూటకి మా ఇంట్లో తిను అంది. ఫర్వాలేదని చెప్పి పైకి నడిచింది. సగం మెట్లెక్కాక ఆగిపోయింది. గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, శబ్దం బయటికి రాకుండా ఏడ్చింది. నమ్మినందుకు ఏడ్చింది. నమ్మించినందుకు ఇంకా ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని, తాళం తీసి లోపలికి వెళ్ళి, తలుపు గడియ పెట్టి లైటు వేసింది.

“ఈయన కూడా మీరు చచ్చిపోయారనే రాశాడండీ,” అంటూ భర్తను లేపి కూర్చోబెట్టింది.