పదిహేనుకి పదిహేను

ముసలాయన గుక్క తిప్పుకోకుండా పదిహేను మాటలూ అప్పజెప్పేసరికి, పరీక్ష పెడుతున్న అమ్మాయి చేతిలో పెన్ను ఆగిపోయింది.

అరగంట కిందట ఆ జాబితా ఒక్కసారే చదివింది. చదువుతున్నంతసేపూ ఆయన గుడ్లప్పగించి ఆమె మొహంలోకే చూశాడు.

ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు.

"మతి సరిగ్గా ఉందని ఆసుపత్రి కాగితం తెమ్మన్నాడు తల్లీ మా ఓనరు. తేకపోతే ఇక రావద్దన్నాడు. ఆ పని లేకపోతే నేను బతకలేను," అని రాగానే చెప్పుకున్నాడు.

ఆసుపత్రిలో జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టడం ఆమె ఉద్యోగం. పాతికేళ్ళవాళ్ళయితే దాదాపు అందరూ పదకొండుకీ పదమూడుకీ మధ్యే తేలతారు. ఎనభై దాటినవాళ్ళు అలా కాదు. ఒకరికి రెండు, ఇంకొకరికి తొమ్మిది, ఎవరి దారి వారిది.

"వయసు పెరిగేకొద్దీ మనిషికీ మనిషికీ తేడా పెరుగుతుంది. వయసు చూసి మార్కులు ఊహించకు," అని ఆమె ఉద్యోగంలో చేరిన రోజే పెద్ద డాక్టరు చెప్పారు. ఆమె బుద్ధిగా తలూపింది కూడా.

కానీ ఎనభై మూడేళ్ళకి పదిహేనుకి పదిహేనా!

అప్పుడు తట్టింది. పొద్దుట్నుంచీ ఆయన ఈ గది బయట బల్ల మీదే కూర్చున్నాడు. ఈలోగా ముగ్గురికి ఇదే జాబితా చదివింది. తలుపు మూసే ఉంది కానీ, ఆమెది మైకు అక్కర్లేని గొంతు.

"బయట కూర్చుని అన్నీ వినేశారు కదూ? ఈ పరీక్ష చెల్లదు," కాగితం మీంచి తలెత్తకుండా, రాస్తూనే అంది.

ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

కాగితం మడిచి, కవరు అంటించి, తలెత్తి ఆయన ముందుకు చాపింది. ఆయన రెండు చేతులా అందుకుని మొహమంతా నవ్వాడు.

"మేలు చేశావు తల్లీ."

దొరికిపోయి కూడా నవ్వడమా! ఆమెకి ఒళ్ళు మండింది.

నాలుగు నెలల తర్వాత ఆసుపత్రి కొత్త ఫారాలు అచ్చయి వచ్చాయి. పేజీకి పది తప్పులు. పెద్ద డాక్టరు చిందులు తొక్కితే ఆమే ప్రెస్సుకి వెళ్ళింది.

"ప్రూఫులు ఎవరూ చూడట్లేదా?"

"చూసే ముసలాయన్ని మీరే పనికిరాడన్నారుగా," అన్నాడు ఓనరు. "మీ కవరు విప్పి చూసి మాన్పించేశాను. ఇంట్లో దిగులుపడి రెండు నెలలకే పోయాడు."

ఆమెకి బాధేసింది. అయినా తన తప్పేమీ లేదని చెప్పుకోకుండా ఉండలేకపోయింది.

"పనికిరారని నేను రాయలేదండీ, పరీక్ష చెల్లదని రాశాను. లోపల నేను చదివే మాటలన్నీ ఆయన బయట కూర్చుని ముందే వినేశారు. అందుకని..."

ఓనరు నోరు వెళ్ళబెట్టాడు.

"వినడమేంటమ్మా? మెషీన్ల హోరుకి ముప్పై ఏళ్ళ కిందటే ఆయనకి రెండు చెవులూ పోయాయి, ఎదుటివాళ్ళ పెదాలు చూసే మాట పట్టుకునేవాడు."