కొట్లాట పేజీలు

"ఏదీ, కథ చెప్పు. వింటాను," అంటూ శ్యామలాంబ టీచరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

అశోక్ చేతిలోని జపాను బొమ్మల పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పాడు. పాలిటెక్నిక్ రెండో ఏడు కుర్రాడు. రామచంద్రపురంలో ఆవిడ అద్దె లైబ్రరీకి మిగిలిన పాతికమంది పాఠకుల్లో వీడే మహారాజ పోషకుడు.

"అంటే, ఒక కత్తివీరుడు ఉంటాడండి. ఎనిమిదిమందిని ఒక్కసారే పడగొడతాడండి. అబ్బో, ఆ పేజీలు చూడాలండి!"

"ఎందుకు పడగొడతాడు?"

"ఏమోనండి."

"వాళ్ళెవరు?"

"అదీ తెలీదండి."

టీచరు గారికి ఒళ్ళు మండింది. మండదూ మరి! ముప్ఫయ్యేళ్ళపాటు పాఠం చివర కథ చెప్తానని ఆశపెట్టి అల్లరి పిల్లల్ని కూర్చోబెట్టిన మనిషి. రిటైరయ్యాక కూడా కథల్ని వదల్లేక వీధి గదిలో ఈ లైబ్రరీ పెట్టుకున్నారు.

రెండేళ్ళ కిందట, 2003లో, కాకినాడ పోర్టు దగ్గర పాత సామాన్ల కొట్లో ఈ తొమ్మిది పుస్తకాలు దొరికాయి. ఓడవాళ్ళెవరో వదిలేసిన జపాను బొమ్మల కథలు, మాటలు మాత్రం ఇంగ్లీషులో ఉన్నాయి. అట్టలు చివికిపోతే బైండరు యెహెజ్కేలు వాటిని పీకేసి గట్టి అట్టలు వేశాడు. టీచరు గారు అన్ని పుస్తకాలకీ చేసినట్టే, అట్ట తెరవగానే కనిపించే మొదటి కాగితం మీద తేదీల చీటీని మైదాపిండి జిగురుతో స్వయంగా అంటించారు.

అంతే, కుర్రాళ్ళు నవలల మొహం చూడటం మానేశారు. పోనీ వీటినైనా చదువుతున్నారా అంటే, అదీ లేదు. కొట్లాట ఉన్న పేజీల నిండా వేలిముద్రలు. మాటలున్న పేజీలు మడత నలగలేదు.

ఎందుకిలా? ఆ ప్రశ్న ఆవిడ్ని అన్నం కూడా సరిగ్గా తిననివ్వలేదు. పుస్తకం తిరిగిచ్చిన ప్రతివాడినీ నిలబెట్టి అడిగారు. కథ బోరన్నాడు దొరబాబు. డిగ్రీ చదివే తబిత ఎవరు ఎవరో అంతుపట్టలేదంది. చివరికి తనే ఒకటి తెరిచారు. రెండో పేజీలోనే ఒక ముసలాయన చచ్చిపోయాడు. పుస్తకం ఆఖర్న అతనే నూతి దగ్గర నింపాదిగా పళ్ళు తోముకుంటున్నాడు. మధ్యలో ఎవరూ అడగకుండానే అందరూ జవాబులు చెప్పుకుంటున్నారు. రాయడం చేతకాని వెధవ అని తిట్టుకుని మూసేశారు.

"నిజం చెప్పు అశోక్. నీకసలు కథ అక్కర్లేదా?"

వాడు నొచ్చుకున్నాడు. "కావాలనే మొదలెట్టానండి. మొదటి పుస్తకం నాలుగుసార్లు చదివానండి. ఎంత చదివినా బుర్రకెక్కలేదండి. ఫైటింగయితే ఎక్కడ తెరిచినా ఫైటింగేనండి. ఎవడు కొట్టాడో, ఎవడు పడ్డాడో బొమ్మే చెప్పేస్తదండి. దాంతో ఇక అవే చూసుకోవడం మొదలెట్టామండి."

"ఈ నెలాఖరుకి లైబ్రరీ మూసేస్తున్నానయ్యా," అన్నారు.

"అదేంటండీ! మా మీద కోపమాండి?"

"కోపం కాదు. బాధ. కథ అక్కర్లేని ఊళ్ళో నేనెందుకు చెప్పు? ఈ తొమ్మిదీ నువ్వే పట్టుకుపో. ఇష్టంగా చూసేవాడివి నువ్వే."

అశోక్ మొహం ఒక్క క్షణం వెలిగి, మళ్ళీ వాడిపోయింది. "పుస్తకాలు వద్దండి. మీరు మూయకండి చాలు."

ఆ మాటకి ఆవిడ కళ్ళు చెమర్చాయి. అయినా పట్టు వదల్లేదు. తన లైబ్రరీ చీటీతో ఏ పుస్తకమూ బయటివాళ్ళ సొంతం కాకూడదన్నది ఆవిడ నియమం. గిన్నెలో నీళ్ళు తెప్పించి, గుడ్డ తడిపి, మొదటి పుస్తకం చీటీ మీద పరిచారు. మైదాపిండి మెల్లగా నానింది. అశోక్ గోటితో ఒక మూల లేపి, కాగితం చిరక్కుండా చీటీని ఊడదీశాడు.

"దీని కింద ఏదో అచ్చేసుందండి," అన్నాడు.

టీచరు గారు కళ్ళజోడు పెట్టుకుని, ఆ ఇంగ్లీషు అక్షరాలని కూడబలుక్కుంటూ వాడికి అర్థం చెప్పారు.

"ఆగండి, జపాను పుస్తకం అటు చివర నుంచి మొదలవుతుంది."