పట్టపగలు మండిన దీపం

“మీరు కోటలో తిని తొంగుంటారు. సముద్రం మీద చచ్చేది మా మొగుళ్లు!”

వదిన అరుపుకి బురుజు మీది పావురాలు లేచిపోయాయి. గుమిగూడిన రేవు జనం ఆమె మరిది దీపాలాయన వైపు గుర్రుగా చూశారు.

రాజులు తిన్నంత తిని పోయాక ఆ కోట చేసిన మంచిపని ఒక్కటే. బురుజు మీది దీపంతో పడవలను రాళ్ల బారిన పడకుండా కాయడం. ఆ దీపపు గది ఇవాళ మిట్టమధ్యాహ్నం కాలిపోయింది. ఇప్పుడు పొద్దు వాలుతోంది. పడవలింకా నీళ్లమీదే ఉన్నాయి.

వాటిలో దీపాలాయన అన్నదీ ఉంది. నిన్నటి గాలికి తెరచాప పీలికలైంది, వెళ్లొద్దని తమ్ముడు మొత్తుకున్నాడు. వింటేగా! ఎలాగో సరిచేసుకుని పొద్దెక్కాక బయల్దేరాడు.

“రాత్రంతా దీపం కాసేవాణ్ణి వదినా. పగలు కాక ఇంకెప్పుడు పడుకోను?”

“పడుకున్నావో, చుట్ట ముట్టించావో!”

“చుట్ట కాదు, ఎండ. దీపం చుట్టూ ఉన్నవి భూతద్దాల్లాంటివి. వాటిమీద ఎండ పడితే చమురు భగ్గుమంటుంది. అందుకే తెల్లారగానే కిటికీలకు నల్ల తెరలు తగిలించి గానీ పడుకోను.”

“ఓర్నీ! ఆ పరదాలు నీ నిద్ర కోసమనుకున్నాం,” అన్నాడు వలలల్లే తాత. “మరి ఇవాళేమయ్యాయి?”

“కాలిపోయుంటాయి,” అంది వదిన.

“కాలితే ఇనప కొక్కేలకు పీలికైనా మిగలదా? ఎవరో తీరిగ్గా విప్పుకుపోయారు.”

దీపాలాయన ఒక్కొక్క ముఖమే వెతికాడు. తాతా? మోకాళ్లు పట్టి ఒక్క మెట్టూ ఎక్కలేడు. కోట కాపలావాడా? బురుజు మెట్లు చూస్తేనే వాడికి గుండెదడ. పైకొచ్చేది అన్నం తెచ్చే వదిన ఒక్కతే. ఛ, ఆమెను అనుమానిస్తే కళ్లు పోతాయి. మొగుడు నీళ్లమీద ఉండగా దీపం ఎవరు చెడగొట్టుకుంటారు?

జనమూ అదే అన్నారు. “మావాళ్లంతా సముద్రంలో ఉంటే మేమెందుకు తీస్తాం? నువ్వే ఏదో చేశావు! కట్టెయ్యండి వీణ్ణి!”

తాడు వచ్చింది. తిట్లు వచ్చాయి. పడవల సంగతి మాత్రం ఒక్కరికీ పట్టలేదు.

సూర్యుడు నీళ్లను తాకాడు. వదిన ఉన్నట్టుండి తాడు లాక్కుని అవతల పారేసింది. దీపాలాయన రెండు చేతులూ పట్టేసుకుంది.

“మరిదీ, నన్ను తర్వాత చంపుదువుగానీ, ముందు బురుజు మీద మంటెయ్యి... మీ అన్న తెరచాప ఇవాళ నల్లది, చీకట్లో ఎవరి కంటికీ ఆనదు!”