గేదె చెవికి పట్టీలు

మనసు కుదుటగా ఉంటే పచ్చగా, కలతపడితే ఎర్రగా వెలిగే పట్టీ లేని చెయ్యి ఆ ఊళ్లో లేదు. అప్పడాల సంఘానికి గ్రాంటు రావాలంటే ఆడవాళ్ల పట్టీలన్నీ పచ్చగా ఉండాలి. లేకపోతే గదీ, ఫ్యానూ, టీ పోతాయి. అందుకే సంఘం పెద్ద మంగతాయారు అక్కడ ఏడుపు మాటలు ఎత్తనిచ్చేది కాదు.

మొగుడు పోయిన కొన్నాళ్లకి నూకరత్నం మళ్లీ సంఘానికి వచ్చింది. ఏడుపు దిగమింగుకుంటూ ఒత్తుతుంటే అప్పడం ఒక్కటీ గుండ్రంగా రాలేదు.

మంగతాయారు కాసేపు చూసింది. లేచి, అందరి పట్టీలూ ఊడదీసి, పెరట్లో నెమరు వేస్తున్న గేదె చెవులకూ తోకకూ తగిలించి వచ్చింది. అన్నీ పచ్చగా వెలిగాయి.

"ఇక కరువుతీరా ఏడువే నూకరత్నం," అంది పక్కన కూర్చుంటూ. "గ్రాంటు సంగతి గేదె చూసుకుంటుంది."