హాజరు పలక

"వారం సంది మా ఎల్లస్వామి చెయ్యి ఒక్కటే పడ్తలేదు. మిషన్‌కు మురికి పట్టినట్టున్నది, జర సాఫ్ చెయ్" అని జిన్నింగ్ మిల్లు మేనేజర్ ఫోన్ చేస్తే వరంగల్‌కు పోయిన. పలక మీద చెయ్యి పెడితే కొలత చూసి హాజరు ఏసే మిషన్లు బాగుచేసుడే నా పని.

గేటు కాడ ఎల్లస్వామి కాకా అప్పటికే మిషన్ తుడుస్తాండు. కుడి చెయ్యికి తువ్వాల చుట్టుకొని, ఎడమ చేత్తోనే పలక మీది దూది తీస్తాండు. వేళ్ల నడుమకు వచ్చే బుడిపెల సందులు గూడ వదుల్తలేడు.

"రోజూ తుడుస్తనే ఉన్న బిడ్డా. అయినా ఎర్ర లైటే. డ్యూటీ చేసినా గైర్‌హాజరే పడ్తాంది."

మిషన్ అద్దానికి స్పిరిట్ కొట్టి తుడిచిన. టెస్ట్ నంబర్ నొక్కి నా చెయ్యి పెట్టిన. పచ్చ లైటు.

"ఇప్పుడు నువ్వు పెట్టు కాకా."

తువ్వాల తీసిండు. రెండు వేళ్లు లేవు. పోయిన నెల పత్తి గింజలు తీసే జిన్ను మిషన్‌ల పడి పోయినయట. దవాఖాన నుంచి వచ్చినంక గేటు కాడ ఊడ్సే పనిల పెట్టిండ్లట.

మిషన్‌ల ఉన్న ఐదు వేళ్ల కుడి చెయ్యి రికార్డు తీసేసిన.

"ఎడమ చెయ్యి పెట్టు కాకా. ఈ పలక కుడి చెయ్యికి చేసింది, అందుకే బోర్ల గాదు, అరచెయ్యి మీదికి రావాలె."

పచ్చ లైటు వెలిగింది.

"రోజూ ఇట్లనే పట్టాల్నా?"

"వచ్చేటప్పుడు, పోయేటప్పుడు."

"ముప్పై ఏండ్ల సంది పని చేస్తున్న. ఎవ్వని ముంగట గిట్ల పట్టలే" అన్నడు. చెయ్యి మాత్రం తియ్యలే.

మేనేజర్‌కు రిపోర్టు రాసిచ్చిన: మురికి లేదు. మిషన్‌ల ఏ లోపం లేదు.