పదికి ఎనిమిది

"ఎనిమిది," అంది చంద్ర.

నొప్పి అసలు లేకపోతే సున్నా, భరించలేనంత ఉంటే పది. ఆ లెక్కన ఎంతుందో చెప్పమని డాక్టర్ సుధాకరన్ అడిగాడు. జవాబు విని పాత కాగితం తిప్పి చూశాడు. ఫిబ్రవరిలో మొదటి సూది వేయకముందు తొమ్మిది. రెండు నెలలు గడిచాక ఎనిమిది. నడుము దగ్గర వెన్నులోకి స్టెరాయిడ్ సూది వేస్తే చాలామందికి రెండు వారాల్లో సగమైనా తగ్గుతుందనీ, ఈమెకెందుకు పనిచేయలేదో తెలియడం లేదనీ అన్నాడు. బల్ల మీద పడుకోబెట్టి కుడికాలు నిటారుగా పైకెత్తాడు. మొదటిసారి జానెడు కూడా లేవని కాలు ఈసారి బాగానే లేచింది.

ఇప్పుడు లాగడం లేదా అని అడిగాడు. ఇప్పుడు లేదనీ, కుట్టుమిషన్ ముందు కూర్చుంటే పిక్కదాకా లాగుతుందనీ చంద్ర చెప్పింది.

పక్కన నిలబడ్డ చెల్లెలు దీపాకు కోపం వచ్చింది. మా అక్క లేనిపోనివి చెప్పే మనిషి కాదని డాక్టరుతో తమిళంలో గట్టిగానే అంది. 'మా అక్క' అనే మాట ఆమె నోట పదకొండేళ్ల తర్వాత వచ్చింది. చంద్ర ముఖం గోడవైపు తిప్పుకుంది.

వాళ్ల అమ్మ పోయినప్పుడు దీపా కడలూరులో, అత్తగారింట, ఎనిమిదో నెల గర్భంతో ఉంది. రక్తపోటు ఎక్కువై మంచం దిగకూడదన్నారు. చావు కబురు వింటే బిడ్డకు ఏమవుతుందోనని భయపడి, కానుపయ్యేదాకా చంద్ర ఆ మాట దాచింది. అమ్మ ముఖం ఆఖరిసారి చూడనివ్వలేదని దీపా అక్కతో మాటలు మానేసింది. తర్వాత కాపురం పుదుచ్చేరికే, లాస్‌పేటకు మారినా, అదే ఊళ్లో మూలకుళంలో ఉన్న అక్క గడప తొక్కలేదు. చంద్రకు భర్త పోయాడు. పిల్లలు లేరు. జాకెట్లు కుట్టుకుంటూ బతికేది.

ఫిబ్రవరిలో నడుము పట్టేసి ఆసుపత్రికి వెళితే, సూది వేయడానికి సంతకం పెట్టి ఇంటికి తీసుకెళ్లే మనిషి కావాలన్నారు. చంద్ర చాలాసేపు ఆలోచించి చెల్లెలి నంబరు ఇచ్చింది.

దీపా వచ్చింది. సంతకం పెట్టి, వరండాలో అటు చివర కూర్చుంది. సూది కోసం ఎక్స్‌రే మిషన్ కింద బోర్లా పడుకున్న అక్క మూలుగు తలుపు దాటి వినిపించినా లేవలేదు. ఆటోలో చంద్ర సరిగ్గా కూర్చోలేక కడ్డీ పట్టుకుని ఒక పక్కకు ఒరిగిపోయింది. దీపా రోడ్డువైపు చూస్తూ కూర్చుంది. గేటు దగ్గర దింపి, దీపా ముక్తసరిగా చెప్పింది.

"నీ నొప్పి తగ్గేదాకా వస్తా. ఆ తర్వాత నీ దారి నీది."

పది రోజుల తర్వాత తనే ఫోన్ చేసింది.

"తగ్గిందా?"

చంద్ర ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"లేదు పాపా," అంది చంద్ర.

అలా ఏప్రిల్‌లో రెండో సూది పడింది. ఆ రోజు దీపా గేటు దగ్గర ఆగలేదు. లోపలికొచ్చి రసం పెట్టింది, అక్కకు అన్నం కలిపిచ్చింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం రావడం మొదలుపెట్టింది. ఒకసారి కూతురు ప్రీతిని వెంటబెట్టుకొచ్చింది. పదకొండేళ్ల ఆ పిల్లను చంద్ర చూడడం అదే మొదటిసారి. తర్వాతి ఆదివారానికి ఆ పిల్లకు పావడా, జాకెట్టు కుట్టి ఉంచింది.

"మిషన్ జోలికి పోవద్దంటే వినవేంది అక్కా?" అని దీపా కసిరింది. కొంచెం కొంచెంగా కుట్టానని చంద్ర తల వంచుకుని చెప్పింది.

జూలైలో మూడో సూది వేశారు. మూడు వారాలయ్యాక అడిగితే మళ్లీ ఎనిమిదే. ఈ ఏడాదికి ఇక సూదులు వేయకూడదనీ, వాటివల్ల చక్కెర కూడా పెరిగిందనీ డాక్టరు చెప్పాడు. స్కాన్‌లో డిస్కు నరాన్ని నొక్కుతున్నట్టే ఉంది కాబట్టి ఆపరేషన్ ఒక్కటే మిగిలిందన్నాడు. అయితే అరుదుగా కాలు పట్టు తప్పే ప్రమాదం లేకపోలేదని కూడా చెప్పాడు. దీపా భయంతో అక్క చెయ్యి పట్టుకుంది. ఇంకో డాక్టరుకు చూపిద్దామంది.

చంద్ర డాక్టరును ఒక్కటే అడిగింది, ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్లు పక్కన మనిషి ఉండాలని. నెలన్నర అన్నాడాయన. చంద్ర చెల్లెలివైపు చూసింది.

"నేనుంటా. లీవు పెడతా. ప్రీతిని కూడా పిలుచుకొస్తా," అంది దీపా.

చంద్ర బల్ల మీదున్న ఆపరేషన్ అంగీకార పత్రం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టింది.

ఆగస్టులో ఒక బుధవారం ఉదయం ఆమెను పచ్చ గౌనులో, చక్రాల మంచం మీద థియేటర్ తలుపు దాకా తెచ్చారు. దీపా కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"భయంగా ఉందా అక్కా?"

"నువ్వుండావు కదా."

"ఇన్నేండ్లు నువ్వెట్లుండావని కూడా అడగలేదు నేను," అంది దీపా. అక్క మీది దుప్పటి సర్దింది. మళ్లీ అంది. "ఈ పొద్దుతో నీ నొప్పి పోతుంది. అది పోయినా నేను వస్తానే ఉంటా."

చంద్ర పెదవులు కదిలాయి. ఏదో చెప్పబోయింది. అప్పటికే మంచాన్ని లోపలికి తోశారు. తలుపు మూసుకుంది.

ఆమె నొప్పి మొదటి సూదికే పోయింది.